వదిలేసిన సున్నా

ఎనికేపాడు క్యాంపస్‌లో ఆదివారం గ్రాండ్ టెస్టు.
నూట ఎనభై ప్రశ్నలు, ఏడువందల ఇరవై మార్కులు,
దిద్దడానికి సరిగ్గా ఏడువందల ఇరవై సున్నాలు.
మధ్యాహ్నానికి యంత్రం గదులన్నిటి కాగితాలూ మింగింది.
ఒక్కదాని దగ్గర గొంతు పట్టేసి, ఆగి, మళ్లీ మింగి
మైనస్ యాభై తొమ్మిది అంది.

రోల్ నంబరు నాలుగువందల పదిహేడు,
కొక్కిలిగడ్డ సుమంత్, నాగాయలంక.

దగ్గర పెట్టుకుంటే ఉత్త మచ్చలు.
కుర్చీ వెనక్కి జరిపి, చెయ్యి చాచి పట్టుకున్నాను.
కొంగ.
తోక ఫిజిక్సులో. పొట్టా, ఒంటికాలూ కెమిస్ట్రీలో.
మెడ బోటనీలోకి సాగి
ముక్కు జువాలజీని పొడుస్తోంది.
తొంభై ఆరో ప్రశ్నకి మూడు సున్నాలు దిద్ది ఒకటి వదిలేశాడు.
అలవాటు కొద్దీ కీ తీసి చూశాను:
వదిలేసిందే సరైన జవాబు.
అదే కన్ను.

మా నాన్న గాంధీనగర్‌లో సినిమా బ్యానర్లు రాసేవాడు.
రైవస్ కాలువ పక్క రేకుల షెడ్డు,
అరచేతిలో పట్టే ఫొటో మీద పెన్సిలు గళ్లు,
ఇరవై అడుగుల గుడ్డ మీద సుద్దదారం గళ్లు.
నిచ్చెన మీద ఆయన, కింద లాంతరు పట్టుకుని నేను.
ఒక రాత్రంతా ఉత్త ముక్కుపుటమే.
"గడి తప్పితే మొహం తప్పుద్దిరా" అనేవాడు.
నేను కుంచె ముట్టుకుంటే మాత్రం చేతి మీద కొట్టేవాడు.
ఫ్లెక్సులు వచ్చిన ఏడాది
గుడ్డలన్నీ ధాన్యం కప్పుకోడానికి అమ్మేశాడు,
ఏ ఊళ్లోనో హీరో సగం మొహం
వడ్ల బస్తాల మీద తడిసింది.
నేను ఎమ్మెస్సీ ఫిజిక్సు.

ఇంకోటి కూడా చెప్పాలి.
తనిఖీ వాళ్లొచ్చినప్పుడు చూపించే ఫైల్లో
'చిత్రలేఖనం ఉపాధ్యాయుడు' అన్న గడిలో సంతకం నాది.
పదకొండేళ్లుగా నాదే.
వారానికి రెండు పీరియడ్లు చెబుతున్నట్టు లెక్క,
ఆ గంటల్లో గతిశాస్త్రం చెబుతాను.
పిల్లలెవరూ అడగలేదు.
అడగడం సిలబస్‌లో లేదు.

డీన్ గారు ఫోను నా ముందుకి తోశారు:
"వాళ్ల నాన్నకి మీరే చెప్పండి. గట్టిగా."

అవతల గాలి, ఇంజను చప్పుడు, మధ్యమధ్య మాట.
పరీక్ష కాగితం మీద మీవాడు బొమ్మేశాడండీ, అన్నాను.
"ఏం బొమ్మ సారూ?"
కొంగ.
"తెల్లదా, బూడిదదా?"
నల్లసిరాతో వేశాడండీ.
"కాదు సారూ, మెడ పొడుగెంత?"
చెప్పాను.
"బూడిదదే. ముక్కు కిందకి దించిందా, ఎదరకి చూత్తందా?"
కాగితం మళ్లీ దూరంగా పట్టుకున్నాను.
ఎదరకే.
"అయితే దానికింకా చేప కనపళ్లేదు" అన్నాడు,
అని, ఏదో గుర్తొచ్చినవాడిలా,
"మార్కులేమన్నా తగ్గినయ్యా?"

డీన్ గారు ఏమన్నాడన్నారు.
'తల్లిదండ్రుల స్పందన' అన్న కాలం రెండు వేళ్ల వెడల్పు.
తెలియజేయబడినది, అని రాశాను.

రాత్రి స్టడీ అవరు.
మెష్ కొట్టిన కిటికీల వెనక మూడువందల తలలు,
హైవే మీద లారీలు.
ఆన్సర్ కీ వెనక్కి తిప్పి స్కేలుతో గళ్లు గీశాను.
గళ్లు బాగానే వచ్చాయి.
తోక వచ్చింది, పొట్ట కాస్త బాతులా వచ్చింది.
కాలు దగ్గర ఆగిపోయాను.
ఎన్నిసార్లు గీసినా కొంగ ముందుకి తూలిపోతోంది.
కేంద్రకం, బలాలు, సమతాస్థితి,
బోర్డు మీద ఏటా నేను నిలబెట్టేవేవీ
దాన్ని నిలబెట్టలేదు.

పొద్దున్నే నాలుగువందల పదిహేడుని అడగాలి,
డీన్ గారు పిలిపించేలోపే:
ఒరే, ఒంటికాలి మీదున్నప్పుడు
బరువెక్కడ పెడుతుందిరా అది?